మంచునేలల చెరువులూ, మన చెరువులూ
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 అనగానే నకారా గారి కేసు, 1982లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, పెన్షను భిక్ష కాదు హక్కు అన్న మాట మనకు గుర్తుకు వస్తాయి. ఆ విషయం నాకంటే బాగా చెప్పగలిగిన వారు వేదిక మీదనే ఉన్నారు. డి.ఎ. బకాయిల సంగతి కార్యదర్శి గారు చెబుతారు. నాకు మాత్రం ఒక విచిత్రమైన అంశం ఇచ్చారు. "మీ మనుమరాలు నార్వే పోయి మంచుదేశపు చెరువుల మీద ఏదో పరిశోధన చేసి వచ్చిందట గదా, దాన్ని మాకు అర్థమయ్యేటట్టు చెప్పండి" అన్నారు. అర్థమయ్యేటట్టు చెప్పాలంటే ముందు నాకు అర్థం కావాలి. అందుకు నాకు ఏడాది పైన పట్టింది.

నేను సైంటిస్టును కాను. 1972లో నీటిపారుదల శాఖలో ఎల్.డి. క్లర్కుగా చేరి, మిర్యాలగూడలో కొంతకాలం, కోదాడలో కొంతకాలం, చివరకు సూర్యాపేటలో పనిచేసి, 2008లో సీనియర్ అసిస్టెంటుగా రిటైరైనవాణ్ణి. సాగర్ ఎడమ కాలువ, అంటే లాల్ బహదూర్ కాలువ, నాకు తెలిసినంతవరకు కాగితాల మీదనే ఎక్కువ తెలుసు. గేజీ రిజిస్టర్లు, చెరువుల మెమోయిర్లు, కొలతల పుస్తకాలు, ఎస్టిమేట్లు - ఇవే నా చదువు. ఆ చదువుతోనే ఈ సంగతి చెప్పడానికి ప్రయత్నిస్తాను.

మా కూతురు, అల్లుడు మిర్యాలగూడలో ఉంటారు. వాళ్ళ అమ్మాయి సివిల్ ఇంజనీరింగు చదివి, హైదరాబాదులో నీటి వనరుల మీద పరిశోధన చేస్తున్నది. 2024 మే నెలలో ఆ అమ్మాయికి నార్వేలో ఒక విశ్వవిద్యాలయం వారితో కలిసి పనిచేయడానికి మూడు నెలల అవకాశం వచ్చింది. ఇంట్లో పెద్ద రభసే అయింది. మా ఇంటావిడకు పప్పన్నం బెంగ. మా అల్లుడికి సంబంధాలు వెనక్కు పోతాయన్న బెంగ. ఆ పిల్ల నా దగ్గరకు వచ్చి, "తాతా, నువ్వు ఒక్కమాట చెప్పు, నాన్న వింటడు" అన్నది. "అక్కడ చేసే పనేందో ముందు నాకు చెప్పు బిడ్డా. ఎస్టిమేటు చూడకుండ శాంక్షన్ చేయమంటే ఎట్ల?" అన్నాను. అట్లా మొదలైంది నా చదువు.

అక్కడి సంగతి ఇది. భూగోళం ఉత్తర భాగాన, సైబీరియా, అలాస్కా, కెనడాల వంటి చోట్ల నేల లోపల ఎప్పుడూ గడ్డకట్టే ఉంటుంది. పైన జానెడో మూరెడో వేసవిలో కరిగి మెత్తబడినా, కింద మట్టి, రాయి, నీరు కలిసి ఇనుములాగా బిగుసుకొని ఉంటుంది. వరుసగా రెండేళ్ళయినా సున్నా డిగ్రీలు దాటకుండా ఉన్న నేలకు పర్మాఫ్రాస్ట్ అని పేరు. నేను మంచునేల అంటాను. ఉత్తరార్ధగోళంలోని నేలలో సుమారు ఏడో వంతు ఇటువంటిదే. ఆ నేలలో వేల ఏళ్ళ నాటి గడ్డి, వేర్లు, జంతువుల అవశేషాలు కుళ్ళకుండా, మన పాత రికార్డు రూములో కట్టలు కట్టిన ఫైళ్ళ మాదిరిగా ఉండిపోయినవి. ఇప్పుడు గాలిలో ఉన్న బొగ్గు పదార్థానికి దాదాపు రెండింతలు ఆ నేలల్లో దాగి ఉన్నదని లెక్క.

ఎండ ఎక్కువై ఆ నేలలోని మంచు కరిగితే ఏమవుతుంది? మంచు ఉన్న చోట ఖాళీ ఏర్పడి నేల కుంగుతుంది. కుంగిన చోట నీరు నిలుస్తుంది. అదే చెరువు. ఎవరూ కట్ట పోయలేదు, తూము పెట్టలేదు. తానే పుట్టిన చెరువు. అటువంటివి ఆ ఉత్తర దేశాలలో లెక్కకు మిక్కిలిగా ఉన్నవి.

నిలిచిన నీరు ఊరికే ఉండదు. శీతాకాలంలో ఆ చెరువుల మీద రెండు మీటర్ల దాకా గడ్డ కడుతుంది. చెరువు అంతకంటే లోతుగా ఉంటే అడుగున నీరు గడ్డకట్టకుండా మిగిలిపోతుంది. ఆ నీటి వెచ్చదనం ఏడాది పొడుగునా అడుగు నేలను కరిగిస్తూ పోతుంది. కరిగిన నేలలో ఆ వేల ఏళ్ళ నాటి గడ్డి కుళ్ళుతుంది. గాలి తగలని బురదలో కుళ్ళితే వచ్చేది మీథేన్ వాయువు. మన కాలంలో సబ్సిడీ మీద ఇళ్ళ వెనుక కట్టించుకున్న గోబర్ గ్యాసు ప్లాంటు గుర్తున్నది గదా, అందులో మండేది అదే. అలాస్కాలో ఫెయిర్‌బ్యాంక్స్ విశ్వవిద్యాలయానికి చెందిన కేటీ వాల్టర్ ఆంథొనీ అనే శాస్త్రవేత్త గడ్డకట్టిన చెరువుకు రంధ్రం పెట్టి, పైకి వచ్చే గాలికి అగ్గిపుల్ల గీసి మంట లేపి చూపించారు. మా మనుమరాలు ఆ వీడియో ఫోనులో చూపిస్తే మా ఇంటావిడ, "నీళ్ళ మీద మంటేంది, బాణామతా?" అన్నది.

నూరేళ్ళ లెక్కన చూస్తే మీథేన్ బొగ్గుపులుసు వాయువు కంటే ఇరవై ఎనిమిది రెట్లు ఎక్కువగా వేడిని పట్టి ఉంచుతుందట. వేడి పెరిగితే నేల కరుగుతుంది, నేల కరిగితే ఈ వాయువు వస్తుంది, అది వస్తే వేడి మళ్ళీ పెరుగుతుంది. వడ్డీ మీద వడ్డీ అన్నమాట.

మిర్యాలగూడ శాఖ వారు నవ్వుతున్నారు, ఇది మాకెందుకు అని. వారికే ఎక్కువ సంబంధం ఉన్నది. 1967లో సాగర్ నీళ్ళు కాలువలకు వదిలినాక ఆ ప్రాంతమంతా వరిమయమైంది. అక్కడి రైసుమిల్లుల పేరు దేశమంతా తెలుసు. నిండా నీళ్ళున్న మడిలో కాలు పెడితే పాదం చుట్టూ బుడగలు లేస్తాయి. నాట్లు వేసిన ప్రతి ఆడమనిషికీ ఆ బుడగలు తెలుసు. ఆ బుడగా, అలాస్కా చెరువులో బుడగా ఒకే జాతివి, ఒకే రకం సూక్ష్మజీవులు పుట్టించేవి. తేడా ఏమంటే మన మడిని మధ్యలో ఆరబెట్టవచ్చు. తడిపి, ఆరబెట్టి, మళ్ళీ తడిపే పద్ధతిలో ఆ వాయువు తగ్గుతుంది, నీళ్ళూ మిగులుతాయి. అయితే కాలువ నీళ్ళు వారబందీలో మన ఇష్టప్రకారం వస్తాయా అని రైతు అడిగితే, ఆ ప్రశ్నకు జవాబు యూనివర్సిటీలో దొరకదు.

సరే, ఆ పిల్ల అక్కడ చేసిన పని ఏమిటి? మోడలింగు అంటారు. బొమ్మ చేయడం కాదు. చెరువును కంప్యూటరులో లెక్కగా కట్టడం. నాకు అది చెప్పడానికి ఆమె నానా తిప్పలు పడి, చివరకు నా భాషలోకే వచ్చింది. "తాతా, క్యాష్‌బుక్ అనుకో" అన్నది. నేలను పైనుంచి కిందికి పొరలు పొరలుగా విడదీస్తారు. ప్రతి పొరకూ ఒక పద్దు. ప్రారంభ నిల్వ ఎంత వేడి, పైపొర నుండి జమ ఎంత, కింది పొరకు ఖర్చు ఎంత, ముగింపు నిల్వ ఎంత. ఒక పొర ఖర్చు కింది పొరకు జమ. ఇట్లా గంట గంటకూ, యాభై ఏళ్ళకో నూరేళ్ళకో లెక్క నడిపిస్తారు. ఎక్కడ నిల్వ సున్నా డిగ్రీ దాటుతుందో అక్కడ మంచు కరుగుతుంది.

ఇందులో ఒక మెలిక ఉన్నది. సున్నా డిగ్రీ దగ్గర మంచుకు ఎంత వేడి జమ చేసినా ఉష్ణోగ్రత పెరగదు. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ పెంచటానికి అయ్యే వేడికి ఎనభై రెట్లు ఇచ్చిన తర్వాతగానీ గ్రాము మంచు నీరు కాదు. మనం హెచ్.బి.ఎ. అప్పు తీసుకున్నప్పుడు నెలనెలా జీతంలో కోత పడుతూనే ఉన్నా బాకీ ఎంతకీ కదలనట్టు కనిపించేది, అట్లాంటిదే. పైకి ఏమీ జరగనట్టు ఉంటుంది. లోపల మంచు తరిగిపోతూ ఉంటుంది. థర్మామీటరు చూసి ఏమీ కాలేదనుకుంటే ఒకనాడు కట్ట జారుతుంది.

ఇంకో మెలిక, పైన పడ్డ మంచు. మంచు పడితే నేల చల్లబడుతుందని మనం అనుకుంటాం. నిజానికి చలికాలంలో మెత్తని మంచు నేలకు గొంగడి కప్పినట్టు. బయట గాలి నలభై డిగ్రీల మైనసులో ఉన్నా గొంగడి కింద నేల వెచ్చగా ఉంటుంది. కాబట్టి ఎక్కువ మంచు పడిన ఏడు నేల తక్కువ గడ్డకడుతుంది. గొల్ల ఇంట్లో పుట్టిన నా మిత్రుడొకరు ఈ మాట వినగానే, "ఇది నాకు చిన్నప్పటి నుండీ తెలుసు, డాక్టరేటు ఇవ్వమను" అన్నాడు.

ఆమె అక్కడ మూడు నెలల్లో చాలాకాలం ఆస్లోలో కంప్యూటరు ముందే కూర్చున్నది. మంచు మీద నడిచిందేమోనని బంధువులందరూ ఫోటోలు అడిగితే చూపించటానికి కుర్చీ ఫోటోలే ఉన్నవి. పది రోజులు మాత్రం స్వాల్‌బార్డ్ అనే ఉత్తర దీవులకు తీసుకుపోయారు. వేసవిలో అక్కడ పొద్దు కుంకదు. "తాతా, సంధ్యావందనం ఎప్పుడు చేయాలె ఇక్కడ?" అని నన్ను ఆటపట్టించింది. ఇళ్ళన్నీ గుంజల మీద నిలబెట్టి ఉంటాయట. ఇంటి వేడి నేలకు తగిలితే నేల కరిగి ఇల్లు ఒరుగుతుందని భయం. ఆ దీవులలో న్యీ ఆలెసుండ్ అనే చోట మన దేశానికి హిమాద్రి అనే పరిశోధన కేంద్రం 2008 నుండి ఉన్నది. అదే ఏడు ఆ దీవుల మంచునేల కొండలో ప్రపంచ దేశాల విత్తనాలు దాచే ఖజానా తెరిచారు. మన పటాన్‌చెరు ఇక్రిశాట్ వారు పంపిన జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ విత్తనాలు ఆ కొండలో ఉన్నవి. 2016లో అకాల వర్షానికి ఆ ఖజానా సొరంగం మొగదలలోకి నీళ్ళు వచ్చినవి. విత్తనాలకు ఏమీ కాలేదుగానీ, ఎప్పటికీ కరగదని నమ్మి కట్టిన చోట నీళ్ళు రావటం చూసి వారు మరమ్మతులు చేయించుకున్నారు.

ఇంతవరకు దూరదేశపు ముచ్చట. ఇప్పుడు మన దేశానికి వస్తాను.

మనలో కేదారనాథ్ పోయివచ్చిన వారు చాలామంది ఉన్నారు. 2013 జూన్ 17 ఉదయం గుడి పైన చోరాబారి చెరువు తెగి ఏం జరిగిందో మీకు తెలుసు. హిమాలయాలలో హిమానీనదం కరిగి వెనక్కు జరుగుతుంటే, అది వదిలిపోయిన రాళ్ళు, మట్టి కుప్పల వెనుక నీరు నిలిచి చెరువు అవుతుంది. ఆ కుప్పే కట్ట. ఇంజనీరు పోసిన కట్ట కాదు, రోలరు నడవలేదు, బంకమట్టి వేయలేదు. దాన్ని పట్టి ఉంచే సిమెంటు ఏమిటంటే, రాళ్ళ సందుల్లో గడ్డకట్టిన మంచు. సిమెంటే కరిగిపోయే కట్ట మీద మీరైతే సంతకం పెడతారా?

హైదరాబాదు బాలానగర్‌లోని జాతీయ దూరసంవేదన కేంద్రం, అంటే ఎన్.ఆర్.ఎస్.సి., ఈ చెరువుల లెక్క తీసింది. సింధు, గంగ, బ్రహ్మపుత్ర పరీవాహకాలలో పావు హెక్టారుకు మించినవి 28,043 చెరువులు ఉన్నట్టు ఉపగ్రహ చిత్రాలను బట్టి పట్టిక వేశారు. ఇస్రో వారు 2024 ఏప్రిల్‌లో చెప్పినదాని ప్రకారం, 10 హెక్టార్లకు మించిన 2,431 చెరువులలో 676 చెరువులు 1984 తర్వాత బాగా పెరిగినవి. వాటిలో 130 మన దేశంలో ఉన్నవి. ఇంత పెద్ద మెమోయిర్ రిజిస్టరు ఆకాశం నుండి రాశారంటే నాకు, ఒక తాలూకా చెరువుల జాబితా తయారు చేయటానికి ఎన్ని తిప్పలు పడ్డామో తెలిసినవాణ్ణి కాబట్టి, చేతులెత్తి మొక్కాలనిపించింది.

ఆ చెరువులలో ఒకటి సిక్కింలోని దక్షిణ లోనాక్ చెరువు. ఎత్తు 5,200 మీటర్లు. 1970లలో ఇరవై హెక్టార్లు కూడా లేదు. 2023 సెప్టెంబరు 28న ఉపగ్రహం చూసేనాటికి 167.4 హెక్టార్లు, అంటే నాలుగు వందల ఎకరాలు దాటింది. అక్టోబరు 4న చూస్తే 60.3 హెక్టార్లు. ఆ మధ్యలో, 3వ తేదీ రాత్రి, పక్కనున్న గడ్డకట్టిన మట్టి వాలు ఒక్కసారిగా చెరువులోకి జారింది. సుమారు 1 కోటి 47 లక్షల ఘనపు మీటర్ల మట్టి. దాదాపు ఇరవై మీటర్ల ఎత్తు అల లేచి కట్టను కోసింది. 5 కోట్ల ఘనపు మీటర్ల నీరు కిందికి దూకింది. మన లెక్కలో సుమారు 1.75 టి.ఎం.సి. మన మూసీ ప్రాజెక్టు నిండితే 4.46 టి.ఎం.సి., అంటే దానిలో అయిదింట రెండు వంతులు. ఆ మాత్రం నీరు మన బయలు నేలలో అయితే పరుచుకుంటుంది. అక్కడ ఆకాశం నుండి లోయలోకి పడింది. అరవై కిలోమీటర్ల పైచిలుకు కింద, సూర్యాపేట నుండి కోదాడకు ఉన్న దూరం కంటే ఎక్కువ, చుంగ్‌తాంగ్ దగ్గర తీస్తా నది మీద ఉన్న 1,200 మెగావాట్ల ప్రాజెక్టు ఆనకట్ట నిమిషాలలో కొట్టుకుపోయింది. యాభై మందికి పైగా చనిపోయారు. డెబ్బై మందికి పైగా ఆచూకీ దొరకలేదు. 2025 జనవరిలో సైన్స్ పత్రికలో అనేక దేశాల శాస్త్రవేత్తలు కలిసి ఈ లెక్కలన్నీ ప్రచురించారు. మంచునేల వెచ్చబడటం కూడా ఆ వాలు జారటానికి కారణమని రాశారు.

నన్ను కలవరపెట్టింది ఆ తర్వాతి సంగతి. ఈ చెరువు తెగే ప్రమాదం బాగా ఎక్కువగా, నూటికి 42 పాళ్ళు ఉన్నదని ఎన్.ఆర్.ఎస్.సి. శాస్త్రవేత్తలు 2013లోనే రాశారు. 2016లో పైపులు వేసి సైఫన్ పద్ధతిన కొంత నీరు తోడారు. 2021లో మరొక అధ్యయనం, ఇది తెగితే వరద లోయలో ఎట్లా వస్తుందో లెక్కగట్టింది. 2023 సెప్టెంబరులో కెమెరాలు, వాతావరణ పరికరాలు పెట్టారు. ముందస్తు హెచ్చరిక ఏర్పాటులో అది మొదటి దశ. రెండో దశ మొదలయ్యే లోపల నీరే వచ్చింది.

ముప్ఫై ఆరేళ్ళు బల్ల మీద ఫైళ్ళు చూసినవాణ్ణి. ఎవరిదో ఒకరి తప్పని తేల్చటం నాకు చేతకాదు, అంత సులువూ కాదు. అయిదువేల మీటర్ల ఎత్తుకు మనుషులు నడిచి పోవటమే ఏడాదిలో కొన్ని వారాలు. అయినా ఒక రిపోర్టు వచ్చినప్పుడు అది ఏ బల్ల మీదకు పోవాలి, ఆ బల్ల మీద ఎన్నాళ్ళుండవచ్చు, ఎవరు రిమైండరు వేయాలి - ఇది లెక్క కట్టే మోడలు ఏ దేశంలోనూ లేదనుకుంటాను. ఈ మాట మనుమరాలితో అంటే ఆమె నవ్వలేదు. "మాకు అదే పెద్ద సమస్య తాతా" అన్నది.

ఆమె 2024 ఆగస్టు 29న హైదరాబాదులో దిగి, 31న సూర్యాపేటకు మా దగ్గరకు వచ్చింది. ఆ రాత్రి వాన మీరు ఎవరూ మరిచిపోలేదు. సెప్టెంబరు 1వ తేదీ తెల్లవారేసరికి కోదాడ నీళ్ళలో ఉన్నది. కార్లు, ఆటోలు కొట్టుకుపోయినవి. ప్రాణనష్టమూ జరిగింది. నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం దగ్గర సాగర్ ఎడమ కాలువకు గండిపడింది. విజయవాడ రోడ్డు ఆగిపోయింది. అంతకు రెండేళ్ళ ముందు 2022 సెప్టెంబరులోనూ అదే కాలువకు నిడమనూరు మండలంలో గండిపడిన సంగతి మిర్యాలగూడ వారికి గుర్తు.

కోదాడలో మా తమ్ముడు ఉన్నాడు. రిటైర్డు టీచరు. చెరువు కింది కాలనీలో ఇల్లు. రాత్రి రెండు గంటలకు మంచం కోళ్ళకు నీళ్ళు తగిలితే లేచాడు. భార్యను మేడమీదకు ఎక్కించి తాను మళ్ళీ కిందికి దిగాడు. ఎందుకంటే ట్రంకుపెట్టెలో పి.పి.ఓ. ఉన్నది. మీరెవరూ నవ్వటం లేదు. నవ్వరు. అక్కడ మనమున్నా దిగేవాళ్ళమే. నడుము లోతు నీళ్ళలో పెట్టె తెరవలేక, పైకి మోయలేక, చివరకు మరదలు కేకలు వేస్తే వదిలి పైకి పోయాడు. అయిదు నిమిషాలకు వంటింటి గోడ పడింది. నాలుగు రోజుల తర్వాత నేను పోయి చూస్తే పి.పి.ఓ., సర్వీసు కాగితాలు, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ ఒక ముద్ద. ఫ్యాను కింద ఒక్కొక్క పేజీ విడదీసి ఆరబెట్టుకున్నాం. మధ్యలో ఒక మాట: ఇంటికి పోగానే మీ పి.పి.ఓ. జిరాక్సు తీసి వేరే ఊళ్ళో ఉన్న పిల్లల దగ్గర ఒకటి పెట్టండి. కాగితం పోతే ఇంకోటి తెచ్చుకోవచ్చు. దాని కోసం నీళ్ళలోకి దిగవద్దు.

మనుమరాలు నాతో వచ్చింది. మేము కాగితాలు ఆరబెడుతుంటే ఆమె టేపు పట్టుకొని గోడల మీద నీటి మరకలు కొలుస్తున్నది. ముందు నాకు కోపం వచ్చింది, మనుషులు ఏడుస్తుంటే కొలతలేందని. ఇంటింటికీ పోయి వారి పక్కన కూర్చొని, చాయ తాగి, కష్టం విని, ఆ తర్వాతనే అడిగింది: నీళ్ళు ఏ వైపు నుంచి వచ్చినయి, ఎన్ని గంటలకు, తగ్గటం ఎప్పుడు మొదలైంది. సాయంకాలానికి నేనే పుస్తకం తీసి కాలమ్స్ గీశాను. తారీకు, ఇంటి గుర్తు, నేల నుండి నీటి ఎత్తు, వచ్చిన సమయం, చెప్పిన వారు. వారం రోజుల్లో ఇరవై ఆరు ఇళ్ళు రాశాం. చెప్పిన వారిలో ఎక్కువమంది మనవాళ్ళే, పెన్షనర్లు. రాత్రి నిద్రపట్టక గడియారం చూసేది మనమే గదా.

ఆమె ఆ అంకెలు తన లెక్కలో వేసింది. నార్వేలో మంచు చెరువు తెగితే నీరు ఎట్లా పోతుందో నేర్చుకున్న లెక్కనే. ఇక్కడ మంచు లేదుగానీ, కట్ట, అలుగు, వాలు, నీటి పరుగు ఒకటే. చాలా ఇళ్ళకు లెక్కలోని ఎత్తూ, గోడ మీది మరకా జానెడు తేడాలో సరిపోయినవి. మూడు ఇళ్ళకు మాత్రం అస్సలు కుదరలేదు. లెక్క ప్రకారం అక్కడ మోకాలు లోతు. గోడ మీద మరక తలుపు పైదాకా ఉన్నది. ఉపగ్రహ పటం చూసింది, మ్యాపు చూసింది, అంతు చిక్కలేదు.

చిక్కు విప్పింది ఆ వీధిలోనే ఉండే ఒక పెద్దాయన. ఎనభై దాటినవాడు. ఒకప్పుడు వాళ్ళ కుటుంబం నీరటి పని చేసేది. కర్ర పట్టుకొని మమ్మల్ని నడిపించి, "అలుగు వాగు ఇట్ల పొయ్యేది. ఈడ మలుపు. మేం చిన్నప్పుడు చేపలు పట్టింది ఈన్నే" అని చూపించాడు. ఆ మలుపులో ఇప్పుడు ఒక పొడుగాటి ప్రహరీ గోడ ఉన్నది. పటాల్లో అది లేదు. వాగు తన పాత దారిన వచ్చి, గోడకు తగిలి, వెనక్కు తన్ని ఆ మూడు ఇళ్ళలోకి ఎక్కింది. గోడను లెక్కలో పెట్టగానే మూడూ కుదిరినవి.

ఆ పెద్దాయన 2025 ఎండాకాలంలో కాలం చేశాడు. ఆయన చూపిన మలుపు నా పుస్తకంలో ఒక పేజీ ఉన్నది. మిగతా ఎన్ని వాగుల దారులు ఆయన వెంట పోయినవో.

మనుమరాలు ఒక మాట అన్నది. దక్షిణ లోనాక్ దగ్గర అడగటానికి మనిషి లేడు, ఆకాశం నుండి తీసిన బొమ్మలే దిక్కు. ఇక్కడ మనుషులు ఉన్నారు, అడిగేవారు లేరు. మన చెరువులు కొత్తవి కావు. పిల్లలమర్రి గుడుల దగ్గర చెరువు కాకతీయుల కాలంలో రేచర్ల రెడ్లు కట్టించినది. మిషన్ కాకతీయ 2015లో మొదలై, పూడికలు తీశారు, కట్టలు బాగుచేశారు, మంచి పనే. పూడిక తీసినంత మాత్రాన అలుగు కింది వాగు దారి తెరుచుకోదు. ఆ దారి మీద ఇల్లు కట్టుకున్న వాళ్ళు దుర్మార్గులూ కారు. మనలాగా లోనులు పెట్టి, ప్లాటు కాగితాలు చూసి, సేలు డీడు రాయించుకున్న వారే. మా తమ్ముడూ అంతే. వాళ్ళను తిట్టి లాభం లేదు. ఎక్కడ నీరు వస్తుందో, ఎంత ఎత్తు వస్తుందో, ఎన్ని గంటల వ్యవధి ఉంటుందో వాళ్ళకు ముందు తెలిస్తే రాత్రి రెండు గంటలకు మంచం కోళ్ళు తడిసేదాకా పడుకోరు.

అందుకని మన కార్యవర్గం అనుమతితో మూడు శాఖలలోనూ ఒక్కొక్క పుస్తకం పెట్టాను. సూర్యాపేట పుస్తకం సంఘం ఆఫీసులో అలమర పై అరలో ఉన్నది. మీ వీధిలో 2024లోగానీ, అంతకు ముందు ఏ సంవత్సరంలోగానీ నీరు ఎంతవరకు వచ్చిందో రాయండి. అడుగులు, అంగుళాలు తెలియకపోతే కిటికీ దాకా, మెట్టు దాకా అని రాసినా చాలు. అలుగు వాగు ఎటు పోయేదో తెలిసినవారు గీత గీయండి. రెవెన్యూలో పనిచేసినవారు శిఖం హద్దులు గుర్తున్నంతవరకు రాయండి. చేతులు వణికేవారు నోటితో చెప్పండి, మంగళవారం, శుక్రవారం పది గంటల నుండి పన్నెండు దాకా నేను అక్కడే కూర్చొని రాస్తాను. లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వటానికి వచ్చినప్పుడు పది నిమిషాలు ఎక్కువ కూర్చోండి చాలు. ఒక ప్రతి జిల్లా అధికారులకు ఇచ్చి రసీదు తీసుకుంటాను. ఇన్వర్డు నంబరు వేయించనిదే రాను. అది నాకు పాత అలవాటు.

మా మనుమరాలు 2026లో తన థీసిస్ ఇవ్వాలట. సంబంధాలు చూస్తూనే ఉన్నాం. నార్వే పోవటం వల్ల ఏమీ వెనక్కు పోలేదు, అల్లుడు కూడా ఇప్పుడు ఒప్పుకుంటున్నాడు.

అధ్యక్షులు గడియారం చూస్తున్నారు. నా తర్వాత మెడికల్ రీయింబర్స్‌మెంటు బిల్లుల గురించి చెప్పే సోదరుడు ఉన్నారు, అందరూ దాని కోసమే ఎదురు చూస్తున్నారని నాకు తెలుసు. కోదాడ వారు పోయేటప్పుడు వాళ్ళ పుస్తకం నా దగ్గర తీసుకుపోవాలని మనవి.